నా సంత మీద ఆ అమ్మాయి పేపరు

మా కాలేజీలో ఆనర్స్ చివరి ఏడాది పిల్లలు ఒక పరిశోధనా పత్రం రాసి ఇవ్వాలి. అందరం దాన్ని పేపరు అనే అంటాం. ఎండలు ముదిరే వేళకి పిల్లలు వాటికి స్పైరల్ బైండింగ్ చేయించుకొచ్చి, స్టాఫ్ రూములో బల్ల మీద పేర్చి, పోతూ పోతూ అట్ట మీద ఒకసారి చెయ్యేసి మరీ వెళ్తారు. ఆ తర్వాత పని మాది. రాయించిన గైడు కొన్ని మార్కులు వేస్తారు. ఆ పేపరుతో సంబంధం లేని ఇంకో లెక్చరరు విడిగా చదివి కొన్ని వేస్తారు. చివర్న యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి, వైవాలో ప్రశ్నలడిగి మిగతావి వేస్తారు. అన్నీ కలిపితే గ్రేడు.

విజయనగరం జిల్లాలోని ఆ కాలేజీలో నేను చాలా ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. విభాగంలో నాతోపాటు ఉన్న మాస్టారు నాకంటే చిన్నవాడు, నరసన్నపేట వైపు మనిషి. నవ్వుతూ ఉంటాడు. గైడు కావాలంటే పిల్లలు ముందు ఆయన దగ్గరికే పరిగెత్తుతారు, అక్కడ ఖాళీ లేకపోతే నా దగ్గరికి వస్తారు. ఆయన పిల్లల పేపర్లు నేను, నా పిల్లలవి ఆయన చదవాలన్నది మా ఏర్పాటు. ఆ ఏడాది ఆయన ఇచ్చిన కట్టలో పైనున్న పేపరు అట్ట చూసి, తాగుతున్న టీ పక్కన పెట్టేశాను.

'సముద్రం నుంచి సంతకి: కొండ కింది సంతల్లో ఎండుచేపల ఆడవాళ్ళు' అని ఉంది.

కొండ కింది సంతలు నావి. అలా అనకూడదని నాకూ తెలుసు. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలయ్యే చోట వారానికోసారి జరిగే సంతలు నా సొత్తు ఎలా అవుతాయి? కానీ వాటి మీదే నేను ఒకప్పుడు పీహెచ్‌డీకి రిజిస్టరు చేయించుకున్నాను. చిన్నప్పుడు మా నాన్న గజపతినగరం పక్క మా ఊరి నుంచి ఎడ్లు కొనడానికి ఆ సంతలకి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళేవాడు. ఆయన ఎడ్ల పళ్ళు చూస్తుంటే నేను మనుషుల్ని చూసేదాన్ని. ఆ చూసిందంతా ఎప్పటికైనా రాయాలనుకున్నాను. రెండు అధ్యాయాలు రాశాను కూడా. తర్వాత ఉద్యోగం, పిల్లలు, గైడుగారు రిటైరవడం, గడువు పొడిగింపు, దాని మీద ఇంకో పొడిగింపు. ఎవరూ అడ్డుపడలేదు. అది మెల్లగా దానంతటదే ఆగిపోయింది, రిజిస్ట్రేషన్ రద్దయింది. అయినా ఏ సదస్సులోనైనా ఎవరైనా సంత అన్న మాట ఎత్తితే, నా పేరు పిలిచినట్టు తలెత్తి చూసేదాన్ని.

పేపరు రాసిన అమ్మాయిది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె. తండ్రి వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. హాస్టల్లో ఉండి చదువుతోంది. రెండో ఏడాదిలో నా క్లాసులో కూచునేది గానీ నోరు విప్పి ఒక్క ప్రశ్న అడిగిన గుర్తు లేదు. అలాంటి పిల్ల నా సంతలోకి ఏ దారిన వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, వసారాలో కుర్చీ వేసుకుని ఎర్ర పెన్ను పట్టుకుని కూచున్నాను. తప్పులు దొరకాలని కూచున్నాను. మొదట్లో దొరికాయి కూడా. ఒక పుస్తకం పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాసింది. పేజీ నంబర్లు కొన్ని లేవు. ముందు ఎవరెవరు ఏం రాశారో చెప్పే భాగం రెండు పేజీల్లో తేల్చేసింది. ఒక్కో తప్పు కింద గీత గీస్తుంటే నా ప్రాణానికి హాయిగా ఉంది.

మూడో అధ్యాయంలో గీతలు ఆగిపోయాయి.

ఎండుచేపల గంపతో బస్సెక్కబోతే కండక్టర్లు వాసనంటూ దింపేసేవారట. అందుకని ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి సంతకి ముందురోజే బయల్దేరి, కొంతదూరం రైల్లో, కొంత లారీ మీద, మిగతాది నడిచి వెళ్ళేవారట. 'కొండ కిందకి చేరేసరికి వాళ్ళ జాకెట్లకీ జుట్టుకీ పట్టిన ఉప్పు చెమటలో కరిగి కళ్ళలోకి దిగేది. మా నాయనమ్మ ఇప్పటికీ ఎండలో నడిచేటప్పుడు కళ్ళు చికిలిస్తుంది. కళ్ళు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. అది అలవాటు' అని రాసింది.

ఆ వాక్యాల దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఆ ఆడవాళ్ళని నేనూ చూశాను. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు అమ్మేవాళ్ళకి ఎదురుగా, ఎండిన నెత్తళ్ళూ కవళ్ళూ గోనెల మీద పోసుకుని వరసగా కూచునేవాళ్ళు. వాసనకి నేను ముక్కు మూసుకుని అవతలికి దాటిపోయేదాన్ని. నేను రాసిన రెండు అధ్యాయాల్లో వాళ్ళు లేరు. సంత అంటే కొండవాళ్ళు, రైతులు, కోమట్లు అనుకున్నాను. ఈ పిల్ల సంతకి సముద్రం వైపు తలుపు తీసుకుని వచ్చింది. అక్కడో తలుపుందని నేను అనుకోనే లేదు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. బావా అనే పిలుస్తాను. నిద్ర లేచి వచ్చి, నా మొహం చూసి అడిగాడు.

"ఏటే, అంత సెడ్డగా రాసిందా ఆ పిల్ల?"

"కాదు బావా. బాగా రాసింది."

"మరి మొహం అలా పెట్టీసేవేటి?"

కుళ్ళు అన్న మాట నోటితో చెప్పడం తేలికేం కాదు. వంటింట్లోకెళ్ళి టీ పెట్టాను.

మర్నాడు కాలేజీలో ఖాళీ పీరియడ్లో నాలుగో అధ్యాయం చదివాను. అక్కడ దొరికింది నాకు కావలసింది.

ఆ పేపరుకి నడుం ఆ అధ్యాయమే. సముద్రపు ఆడవాళ్ళకీ కొండ ఆడవాళ్ళకీ నేస్తరికాలుండేవని, ఒక్కొక్కరికి కొండ మీద ఒక నేస్తం ఇల్లు ఉండేదని, చేపలిచ్చి చోళ్ళో, అదే రాగులో, పసుపో చింతపండో పుచ్చుకునేవారని, డబ్బు లేకుండా మాట మీదే నడిచేదని రాసింది. ఒకరికొకరు సమానంగా నిలబడ్డ వ్యాపారం అది అని తేల్చింది. చదవడానికి ఎంతో బాగుంది. కానీ ఆ మాట చెప్పినవాళ్ళంతా ఒకే పల్లెవాళ్ళు. ఆ పిల్ల నాయనమ్మ, నాయనమ్మ చెల్లెళ్ళు, ఇరుగుపొరుగు. కొండ మీది మనిషిని ఒక్కరినీ అడగలేదు. ఇద్దరి మధ్య జరిగినదాన్ని ఒకరి నోట విని, ఇద్దరూ సమానమని రాసేసింది.

అది చూడగానే నాకు కలిగిన సంతోషం ఎటువంటిదో నాకు తెలుసు. పద్ధతి అన్న గడిలో పదికి నాలుగు వేశాను. విశ్లేషణకీ తగ్గించాను.

అక్కడితో కట్ట కట్టేసేదాన్నే. కానీ అంతకుముందు దిద్దిన పేపర్లలో ఒకటి పైకి కనిపిస్తోంది. ఒక కుర్రాడు తమ ఊరి చెరువు గొడవ మీద రాశాడు. వాడూ తన వీధివాళ్ళనే అడిగాడు, అవతలి వీధిని అడగలేదు. సరిగ్గా అదే తప్పు. వాడికి పద్ధతిలో ఏడు వేశాను. వేసేటప్పుడు నా చెయ్యి తడబడలేదు, ఎందుకంటే వాడి పేపరు చూసి నాకు ఏమీ అనిపించలేదు. బాగా రాసినదాన్ని పట్టుకుని చీల్చాను, మామూలుగా రాసినదాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను.

ఆ అమ్మాయికి ఏడు చేస్తే సరిపోయేది. నాకు చెయ్యబుద్ధి కాలేదు. నాలుగే సరైన మార్కు అని నా మనసు గట్టిగా చెబుతోంది. అందుకని కట్ట మొత్తం మళ్ళీ ముందేసుకున్నాను. ప్రతి పేపరునీ ఆ అమ్మాయి పేపరుని చదివినంత పట్టుగా చదివాను. ఎవరిని అడిగారు, ఎవరిని వదిలేశారు, తేల్చిన మాటకి ఆధారం ఎంత అని. వారమంతా అదే పని. కుర్రాడి ఏడు నాలుగైంది. ఇంకొందరివీ పడిపోయాయి. ఇంటర్నెట్లోంచి ఎత్తిన పేరాలు, సాఫ్ట్‌వేర్ పట్టుకోనివి, రెండు చోట్ల నేను పట్టుకున్నాను.

మార్కుల షీట్లు చూసి మాస్టారు నా బల్ల దగ్గరికొచ్చాడు.

"మేడమ్ గారూ, ఈసారి పిల్లల మీద ఏటీ కోపం? మా సముద్రపు పిల్లకి పద్ధతిలో నాలుగా? దానికి నేను దాదాపు మొత్తం వేసీసేను. మన కాలేజీకే పేరొచ్చే పేపరది."

"నాలుగో అధ్యాయం చదివారా మాస్టారూ?"

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కొంచెం తల గోక్కున్నాడు. "తిరగేసేను. మొదటి మూడూ మాత్రం బాగా చదివేను."

"అది చదివాక మాట్లాడుకుందాం."

ఆయన పేపరు పట్టుకుపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, "మీరన్నది నిజమే. నేను చూడాల్సింది," అని ఊరుకున్నాడు. నేను గెలిచినట్టే. కానీ అంత తేలిగ్గా ఒప్పుకునే ఆ గుణం చూసి కూడా నాకు కొంచెం మండింది.

వైవా రోజున యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు పెద్దవాడు, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం రైలు అందుకోవాలన్న తొందరలో ఉన్నాడు. పేపరు ఆయన చేతిలో ఉందిగానీ అట్ట తిప్పినట్టు లేదు. ఆ అమ్మాయి నీలం చుడీదారు వేసుకుని, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆయన పరికల్పన అంటే ఏమిటన్నాడు, చెప్పింది. ఈ విషయం ఎందుకు ఎంచుకున్నావన్నాడు, నాయనమ్మ గురించి చెప్పింది. "చాలా బావుందమ్మా," అని నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరేమైనా అడుగుతారా?"

"ఇది సమానమైన నేస్తరికం అన్నావు. కొండవాళ్ళు ఆ మాట అన్నారా?" అని అడిగాను.

ఆ పిల్ల వేలికి చుట్టిన చున్నీ విప్పింది. మాస్టారు కిందకి చూస్తున్నాడు.

"నేను ఆళ్ళని అడగలేదు మేడమ్," అంది. అప్పటిదాకా పుస్తకంలో మాటల్లా మాట్లాడిన పిల్లకి కంగారులో ఇంటి మాట వచ్చేసింది. "నాకు అక్కడ ఎవరూ తెలీదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. మా నాయనమ్మ సెప్పింది కదా అని రాసీసేను."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. నా దగ్గర రెండో ప్రశ్న సిద్ధంగా ఉంది, మూడోది కూడా. ఆ జవాబుతో అవన్నీ పనికిరాకుండా పోయాయి.

ప్రొఫెసరు అప్పుడు పేపరు తెరిచి నాలుగో అధ్యాయం రెండు మూడు పేజీలు చదివాడు. ఆ ప్రశ్న సరైనదన్నాడు. మా దగ్గర సవరణలకి కొంత గడువిచ్చే వీలుంది. దిద్ది మళ్ళీ ఇస్తే అప్పుడు చివరి మార్కులు వేద్దామని రాసి, సంతకం పెట్టి రైలుకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను బస్టాండుకి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది కళ్ళు చూస్తే. నన్ను నిలదీయడానికి వచ్చిందేమో అనుకున్నాను.

"మేడమ్, నా పేపరు మొత్తం సదివింది మీరొక్కరే," అంది.

భుజం మీది సంచి సర్దుకున్నాను.

"సార్ సెప్పేరు, మీరు ఎప్పుడో ఆ సంతల మీదే పని సేసేరంట. అక్కడ మీకు తెలిసినోళ్ళుంటారంట. నన్ను ఒకసారి తీసుకెళ్తారా? నేను ఒక్కర్తినీ ఎల్తే ఎవరూ మాటాడరు."

కుదరదు అనేద్దామనుకున్నాను. పేపర్లు దిద్దేది ఉంది, ఇంట్లో పని ఉంది, చెప్పడానికి కారణాలకి కొదవ లేదు. అసలు కారణం ఒక్కటే. నా సంతకి నా చేత్తో ఈ పిల్లని తీసుకెళ్ళడం. అయినా ఆ పిల్ల అన్న మొదటి మాట నన్ను వదల్లేదు. అంత పట్టుగా నేను ఎందుకు చదివానో తనకి తెలియదు. తెలియకుండానే థాంక్స్ చెప్పినట్టు చెప్పింది.

"వచ్చే సంతకి వెళ్దాం," అన్నాను.

పొద్దున్నే బస్సులో వెళ్ళాం. నేను ఆ సంతకి వెళ్ళి చాలా కాలమైంది. ఇప్పుడు ఆటోలు, ప్లాస్టిక్ సామాన్లు, నైటీలు, ఫోన్ కవర్లు ఎక్కువయ్యాయి. చింతపండు, పసుపు, చీపుర్లు మాత్రం అప్పటి మామిడిచెట్ల కిందే ఉన్నాయి. ఎండుచేపల వరస కూడా ఉంది గానీ ఇప్పుడవి వ్యాన్లలో వస్తున్నాయి, అమ్మేది మగవాళ్ళు.

అడ్డాకులు విస్తర్లుగా కుట్టి అమ్మే ఒక ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. నేను రాసుకునే రోజుల్లో నాకు ధరల గురించీ, కొండ దారుల గురించీ ఎన్నో చెప్పిన మనిషి. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నన్ను ఎగాదిగా చూసింది.

"రాసుకునీదానివి నువ్వే కదా. మరి రాసీసేవా?"

"లేదమ్మా. ఆగిపోయింది."

"అలాగా," అని ఆకులు కుట్టుకోవడంలో పడింది. మా పలకరింపు అక్కడితో అయిపోయింది.

పక్కన కూచున్న అమ్మాయిని చూపించి, ఈ పిల్లది సముద్రపు ఒడ్డు, వీళ్ళ నాయనమ్మ ఇక్కడికి ఎండుచేపలు తెచ్చేదట అన్నాను. ముసలమ్మ చేతిలో పుల్ల ఆగింది.

"ఏ ఊరమ్మీ మీది?"

అమ్మాయి ఊరి పేరు, నాయనమ్మ పేరు చెప్పింది. పొడుగ్గా ఉండేదా అని అడిగింది ముసలమ్మ. ఎడం చెవికి పోగు లేని మనిషేనా అంది. అవునంది అమ్మాయి, సముద్రంలో పడిపోయిందట. ముసలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఓలమ్మా, దాని మనవరాలివా నువ్వు. మా పిన్నికి నేస్తమే అది. వానొస్తే మా ఇంట్లోనే పడుకునీది. బతికే ఉన్నాదా?"

నేను పక్కన కూచుని ఉన్నాను. ఎన్ని సంతలు ఆవిడ పక్కన కూచుని గడిపానో. ఒక్కనాడూ నా చెయ్యి పట్టుకోలేదు. పిన్ని గురించి చెప్పలేదు, నేస్తం గురించి చెప్పలేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. ఈ పిల్ల ఏమీ అడగకుండానే గంపలకొద్దీ వచ్చిపడుతున్నాయి. ఆ చెట్టు కింద నాకు కలిగిన కడుపుమంట, పేపరు చదివిన నాటి మంట కంటే పెద్దది.

కాసేపయ్యాక అమ్మాయి తానుగా అసలు ప్రశ్న అడిగింది. "అవ్వా, సేపలకి మీరేటిచ్చీవోరు? ఇద్దరికీ సరిపోయినట్టే ఉండీదా?"

ముసలమ్మ పుల్ల ఆకుల మీద పెట్టింది. పిల్ల మొహం చూసింది.

"మంచిదే మీ నాయనమ్మ. నేను కాదనను," అంది. "కానీ వానాకాలం మాకు కొండ మీద ఏటుండీది? ఉప్పూ సేపా లేందే ముద్ద దిగీది కాదు. మీవోల్లకి అది తెలుసు. కొలిచీ కుంచం ఆళ్ళే తెచ్చీవోరు. సేప పోసినప్పుడు కుంచం అంచు దాకా. పసుపు పోయించుకున్నప్పుడు పైన గోపురం లాగ. నేస్తరికం ఇద్దరిదీ అమ్మీ. కొలత మాత్రం ఆళ్ళదే."

అమ్మాయి రాసుకోవడం ఆపేసింది. నా లోపల ఏదో గంతేసింది. చూశావా, నేను చెప్పలేదా అని. ఆ పిల్ల మొహం చూశాక ఆ గంతు ఆగింది. అది తన పేపరులో ఒక వాక్యం తప్పయిన మొహం కాదు. నాయనమ్మ గురించి విన్న మొహం. పెన్ను రెండు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూచుని, తర్వాత, "అవ్వా, ఆ మాట మళ్ళీ సెప్పు, రాసుకుంటాను," అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూచుంది. రాసుకున్న పుట ఒళ్ళో తెరిచి పెట్టుకుంది.

"ఇది రాయాలా మేడమ్?" అని అడిగింది చివరికి.

"నీ పేపరు నీది. రాయకపోతే నేను మార్కులు తగ్గిస్తాను, అంతే. అంతకంటే నేను చెప్పేది లేదు."

"మా నాయనమ్మని అడుగుతాను," అంది.

ఆ వారం ఇంటికి వెళ్ళింది. తర్వాత ఇంకో రెండు సంతలకి ఒక్కర్తే వెళ్ళింది, ముసలమ్మ చెప్పినవాళ్ళని కలిసింది. గడువు ముగిసేలోపు దిద్దిన పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నాయనమ్మ ఏమంది?" అని అడిగాను.

"మొదట నాతో మాటాడ్డం మానీసింది మేడమ్. అన్నం పెట్టీది, మాటాడీది కాదు. తర్వాత తనే పిలిచింది. అవునే, కుంచం మాదే, గంప మోసుకుని అంతదూరం నడిచింది కూడా మేమే, అది కూడా రాయి అంది. రెండూ రాసేను."

నిజంగానే రెండూ రాసింది. నాలుగో అధ్యాయం పూర్తిగా మారిపోయింది. నేస్తరికం ఉంది, ఒకరి ఇంట్లో ఒకరు పడుకున్న వానరాత్రులున్నాయి, కుంచం అంచూ గోపురమూ ఉన్నాయి, బస్సెక్కనివ్వని కండక్టర్లున్నారు. మనిషికి మనిషి మీద ప్రేమా, కొలతలో మోసమూ ఒకే గంపలో ఎలా ఇముడుతాయో రాసింది. ఎవరినీ వెనకేసుకురాలేదు, ఎవరినీ దించెయ్యలేదు. అంతకుముందు పేపరు అందంగా ఉంది. ఇది అందంకంటే ఎక్కువగా ఉంది. అది ఇలా మారడానికి నేనే కారణం. ఆ సంగతి నాకు సంతోషం ఇవ్వాలి. ఇచ్చింది కూడా, కొంచెం. మిగతాదంతా, ఇది నేను రాయవలసింది కదా అన్న ఏడుపే.

పద్ధతి గడిలో పదికి తొమ్మిది వేశాను. పది వెయ్యొచ్చు. చెయ్యి రాలేదు. నేను ఎవరికీ పది వెయ్యను అని మాస్టారుకి చెప్పాను. అది నిజమే. ఆ ఏడాది దాకా ఆ మాట చెప్పాల్సిన అవసరం రాలేదు, అంతే.

ఆ అమ్మాయికి అన్నిటికంటే పై గ్రేడు వచ్చింది. మార్కులు తగ్గిన పిల్లలు కొన్నాళ్ళు నా వైపు చూసి నమస్కారం పెట్టడం మానేశారు. చెరువు కుర్రాడు మాత్రం తనూ గడువు అడిగి పుచ్చుకుని, అవతలి వీధికి వెళ్ళి వచ్చి, రెండు పేజీలు కలిపి, కాస్త పైకొచ్చాడు.

విశాఖపట్నంలో జరిగిన ఒక విద్యార్థి సదస్సులో తను ఆ పేపరు చదివింది. మేమిద్దరం వెళ్ళాం, మాస్టారూ నేనూ. చప్పట్లు బాగా పడ్డాయి. బయట కాఫీ దగ్గర అందరూ మాస్టారు చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు, మంచి పేపరు చేయించారండీ అని. ఆయన నన్ను చూపించి, "అసలు పని మేడమ్ గారిదండి," అన్నాడు. వాళ్ళు నా వైపు చూసి మర్యాదగా తలూపి, మళ్ళీ ఆయనతో మాటల్లో పడ్డారు. తిరిగొచ్చేటప్పుడు పేపరు చివరి ప్రతి తిప్పి చూశాను. కృతజ్ఞతల పేజీలో ముందు నాయనమ్మ. మాస్టారు గురించి ఒక పేరా. నా గురించి ఒక్క వాక్యం: 'నా పేపరుని నమ్మకుండా చదివినందుకు.' ఆ వాక్యం మెప్పో, కాదో ఆ దారంతా నాకు తేలలేదు. పేరా పొడుగుని మాత్రం కళ్ళతో కొలిచాను.

ఎమ్మే అయ్యాక ఆ పిల్ల పీహెచ్‌డీ సీటుకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఆ సాయంత్రం నేను బెండకాయలు తరుగుతుంటే ఫోన్ చేసింది.

"సీటొచ్చింది మేడమ్. సంతల మీదే. ఈసారి కొండకింది సంతలన్నీ."

కత్తిపీట మీదనుంచి లేచాను. "మంచిదమ్మా," అన్నాను.

"ఒక్కో అధ్యాయం రాసేక మీకు పంపుతాను. సదువుతారా?"

"పంపు. మెచ్చుకుంటానని మాత్రం అనుకోకు."

"అనుకోను మేడమ్. మెచ్చుకోడానికి ఇక్కడ శానామంది ఉన్నారు."

ఫోన్ పెట్టేశాక బావ అడిగాడు, ఎవరని. ఆ పిల్లే, పీహెచ్‌డీ సీటొచ్చిందట అన్నాను. "నీకు ఏడుపుగా ఉన్నాదా?" అన్నాడు, మామూలుగా, వానొస్తోందా అని అడిగినట్టు. ఉంది అన్నాను. అంత సూటిగా అనేసినందుకు నాకే ఆశ్చర్యమేసింది. బావ తరగని బెండకాయలు కొన్ని తన వైపు లాక్కుని తుడవడం మొదలెట్టాడు.

మొన్న మొదటి అధ్యాయం మెయిల్లో వచ్చింది. సెలవు రోజు చూసి, ఎర్ర పెన్నుతో కూచున్నాను. రెండో పేజీలోనే, ఎడ్ల సంతలో బేరగాళ్ళు తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవడం గురించి రాసింది. మా నాన్న అలా వేళ్ళు పట్టుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. నా రెండు అధ్యాయాల్లో దాని మీద ఒక పుట ఉంది, పాఠంలా. ఈ పిల్ల ఐదు వాక్యాల్లో రాసింది, గుడ్డ కింద చేతులు కనిపిస్తున్నాయి. కాగితాలు బల్ల మీద పెట్టేసి పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. తర్వాత తిరిగొచ్చి మొదటినుంచి చదివాను. నాలుగో వేలు పట్టుకుంటే ధర ఎంతో తను తప్పు రాసింది. వెంటనే ఫోన్ చేశాను.